మౌన మర్ధాంగీకారమగునా?

"మౌన మర్ధాంగీకార"మను మాట మన యిండ్లలో పెండ్లిసంబంధములు కుదురునాడు తఱచుగా వినబడుచుండును. పెద్దలు సంబంధము నిశ్చయించి పిల్ల నడుగుదురు. పిల్ల తలవంచి యూరకున్నచో "ఒప్పుకొన్న"దని సంతోషింతురు. ఆ తలవంచుటలో సిగ్గు కలదో, భయము కలదో, చెప్పుకొనలేని దుఃఖమే కలదో విచారించువారు తక్కువ. ఊరకుండుట వేఱు, ఒప్పుకొనుట వేఱు అని స్త్రీలకు తెలిసినంతగా మఱియెవ్వరికిని తెలియదు. ఇప్పు డీ మాట పెండ్లిపీటల యొద్దనుండి ఆసుపత్రివఱకు వచ్చినది.

మనుష్యుడు చనిపోయిన పిమ్మట అతని గుండెను, కాలేయమును, మూత్రపిండములను తీసి రోగులకు అమర్చి బ్రతికించు విద్య నేడు కలదు. బ్రతికియుండగా అతడు "వల"దని యెచ్చటను వ్రాసియుంచనిచో, "సరే" యన్నట్లే యెంచి యవయవములను గైకొనవచ్చునా? పలుదేశములవారు గైకొనవచ్చునని చట్టములు చేసికొనిరి. మన దేశమునను అట్టి చట్టము రావలెనని కోరువారు కలరు. ఇది డాక్టర్లకును న్యాయవాదులకును సంబంధించిన సంగతి యని సోదరీమణులు ప్రక్కకు ద్రోయరాదు. ఏలన, ఆ గడియ వచ్చినప్పుడు డాక్టరు వెలుపలికి వచ్చి మాటలాడునది వరండాలో కూర్చున్న తల్లితోను, భార్యతోను, కూతురితోనే.

ముందుగా అవసర మెట్టిదో తెలిసికొందము. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము కొబ్బరితోటలకును జీడిమామిడితోటలకును పేరుపొందిన పచ్చని సీమ. ఆ సీమలో మూత్రపిండముల వ్యాధి యేండ్లతరబడి యెన్నియో కుటుంబములను కుమిలించుచున్నది. కారణ మిదియేయని శాస్త్రజ్ఞులు నేటికిని తేల్చలేకున్నారు. మూత్రపిండములు పూర్తిగా చెడినవారికి డయాలిసిస్ అను యంత్రచికిత్స కలదు. వారమునకు రెండు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగేసి గంటలు, రక్తమును యంత్రముగుండ పంపి శుద్ధిచేయుదురు. త్రాగు నీటికి సైతము కొలత యుండును. కూలికి పోయినగాని పొయ్యి వెలుగని యింట రోగి కూలితోపాటు తోడువచ్చు ఇల్లాలి కూలియు పోవును. మూత్రపిండములకు ఈ యంత్రమైనను కలదు. కాలేయము పూర్తిగా చెడినవారికి ఇట్లు ఏండ్లు గడుపు సాధనమును లేదు.

ఇట్టివారికి అవయవములు రెండువిధముల దొరకును. రెండు మూత్రపిండములలో ఒకదానిని, కాలేయములో ఒక భాగమును బ్రతికియున్నవారు ఇయ్యవచ్చును. గుండె మాత్రము మృతులనుండియే రావలెను. 2023వ సంవత్సరమున మన దేశములో 18,378 అవయవమార్పిడులు జరిగెను. ఆ యేడు మరణానంతరము దానము చేసినవారు 1,099 మంది మాత్రమే. మార్పిడులలో చాల యెక్కువభాగము బ్రతికియున్న బంధువుల యొడలు కోసి జరిపినవే. ఆ బంధువు లెవరన్న ప్రశ్న మనకు ముఖ్యము; దానిని ముందుముందు విచారింతము.

చావనగా ఊపిరి నిలుచుట, నాడి యాగుట యని మన మెఱుగుదుము. అట్టి చావు తరువాత కన్నులను, అనగా నల్లగ్రుడ్డుపై అద్దమువలె నుండు పొరను, ఆఱుగంటలలోపల తీసికొనవచ్చును. ఇంటియొద్ద కన్నుమూసిన ముసలివారి కన్నులును పనికివచ్చును. గుండె, కాలేయము మొదలగునవి యట్లు గావు. మన దేశమున నివి సాధారణముగా "బ్రెయిన్ డెడ్" అయినవారినుండియే లభించును. రోడ్డుప్రమాదములో తలకు పెద్దదెబ్బ తగిలియో, మెదడులో రక్తనాళము చిట్లియో, మెదడు పూర్తిగా నశించును. ఐ.సి.యు.లో వెంటిలేటరు ఊపిరి యాడించుచుండును గాన గుండె కొంతకాలము కొట్టుకొనుచునే యుండును. తల్లి చేయి పట్టుకొన్నచో వెచ్చగా తగులును. "నా బిడ్డ పోయినాడని యెట్లు నమ్ముదు"నని యామె యడుగుటలో తప్పేమి?

కాని కోమా వేఱు, ఇది వేఱు. కోమాలో మెదడు బ్రతికియుండును, కొందఱు మేలుకొందురు. మెదడుతోపాటు మెదడుకాండము నశించినవారు తిరిగిరారు. ఆ సంగతిని ఒక్క డాక్టరు చెప్పినచో చాలదు. చట్టము నిర్ణయించినట్లు నలుగురు వైద్యులు, కనీసము ఆఱుగంటల యెడముతో రెండుమార్లు పరీక్షించి, సంతకములు చేయవలెను. కంటిపాప వెలుతురునకు ముడుచుకొనుచున్నదా, వెంటిలేటరు విడదీసినచో తనంతట ఊపిరి పీల్చుకొనునా అని చూతురు. అట్లు నిశ్చయమైన యొక్కరివలన ఎనిమిదిమందివఱకు బ్రతుకవచ్చును.

ఇక మన చట్టము. మానవావయవముల మార్పిడి చట్టము 1994లో పార్లమెంటు చేసినది. ఆ యేడే ఆగస్టు 3వ తేదీన ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో మన దేశపు మొదటి గుండెమార్పిడి జరిగెను. ఆ శస్త్రచికిత్స చేసినది మన రాజమహేంద్రవరమున జన్మించిన డాక్టరు పి. వేణుగోపాల్ గారు. ఆ చట్టము ప్రకారము ఎవరైనను బ్రతికియుండగా ఇద్దఱు సాక్షుల యెదుట తమ సమ్మతిని వ్రాసియుంచవచ్చును; ఆ సాక్షులలో ఒకరైనను దగ్గఱి బంధువై యుండవలెను. ఏమియు చెప్పక పోయినచో నిర్ణయము ఇంటివారిది. వ్రాసియుంచినవారి విషయమునను ఆసుపత్రులవారు ఇంటివారి నడుగకుండ ముందునకు బోరు. అనగా మన దేశమున మౌనమునకు "అవు"నని గాని "కా"దని గాని యర్థము లేదు. "ఇంటివారి నడుగు"మని యర్థము.

ఈ పద్ధతిని మార్చవలెననువారి వాదమును న్యాయముగా వినవలెను. మరణమును గూర్చి ముందుగా వ్రాసియుంచుట కెవ్వరికిని చేయి రాదు. ఆస్తి గలవారే వీలునామా వ్రాయుటకు వెనుకాడుదురు. కావున ఇచ్చుటకు మనస్సున్నవారును వ్రాయకయే పోవుదురు. వారితో వారి యవయవములును మట్టిలోనో మంటలోనో కలియును. మఱియొకవైపున రోగులు ఎదురుచూచి చూచి పోవుచున్నారు. ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టెయిన్ అను పండితులు 2003లో ఒక లెక్క ప్రకటించిరి. వ్రాసినవారే దాతలనెడి జర్మనీలో నూటికి 12 మందియు, వలదని వ్రాయనివారెల్లరు దాతలనెడి ఆస్ట్రియాలో నూటికి 99 మందికి పైగాను దాతల లెక్కలో నుండిరి. రెండును ఇరుగుపొరుగు దేశములు, ఒక్క భాష మాటలాడువారు. మనస్సులలో ఇంత భేదముండునా? కావున చట్టమును త్రిప్పివ్రాసినచో చాలునని వారి వాదము. శోకములో మునిగిన తల్లిపై నిర్ణయభారము మోపకుండుటయే దయ యనియు వా రందురు.

ఇది కొట్టిపాఱవేయదగిన వాదము గాదు. కాని లెక్కలో పేరుండుట వేఱు, అవయవము రోగికి చేరుట వేఱు. ఈ భేదము స్పెయిను దేశపు చరిత్రవలన తేటపడును.

స్పెయినువారు మౌనము నంగీకారముగా నెంచు చట్టమును 1979లో చేసికొనిరి. పదేండ్లు గడచినను, 1989లో వారికి దాతలు పదిలక్షల జనమునకు 14 మంది మాత్రమే. ఆ యేడు జాతీయసంస్థ యొకటి యేర్పడెను. రఫాయేల్ మతెసాన్జ్ అను మూత్రపిండవైద్యుడు దానికి నాయకుడు. ఆసుపత్రులలో ఈ పనికై శిక్షణ పొందిన వైద్యులను, సాధారణముగా ఐ.సి.యు.లో పనిచేయువారినే, నియమించిరి. ఏ రోగి మెదడు నశించుచున్నదో కనిపెట్టుట, దుఃఖములో నున్న యింటివారి ప్రక్కన కూర్చుండుట, వారి మాటలు వినుట, తొందరపెట్టక అడుగుట వారి పని. చట్టములో ఒక్క యక్షరమును మారలేదు. అడుగు తీరు మారినది. 2024 నాటికి దాతలు పదిలక్షలకు 52 మందికి పైబడిరి. చట్టములో మౌన మంగీకారమే యైనను, ఇంటివారి నడుగక తీసికొనుట వారి యాచారము గాదు. స్పెయినువలెనే దాతలు విస్తారముగా గల అమెరికాలోనో, నేటికిని సమ్మతి చెప్పినవారే దాతలు. బండి నడుపు లైసెన్సు తీసికొనునప్పుడే ప్రతివారిని ఆ ప్రశ్న అడుగుదురు.

బ్రెజిలు దేశపు కథ వేఱు. అచ్చట 1997లో ఇట్టి చట్టము చేసి 1998లో అమలునకు దెచ్చిరి. ఆసుపత్రులపై నమ్మకము లేని పేదజనము, ప్రాణము పోకమునుపే తమ యవయవములు తీసికొందురేమోయని జడిసి, గుఱుతుపత్రములపై "దాతను గాను" అని వ్రాయించుకొనుటకు కచ్చేరీలకు పరుగులెత్తిరి. ఆ యేడే ఆ నియమమును తీసివేసిరి. బ్రిటనులో రెండువిధముల ఫలితము కనబడినది. వేల్సు ప్రాంతమున 2015 డిసెంబరులో క్రొత్తచట్టము అమలునకు వచ్చెను. అచ్చట ఇంటివారు సమ్మతించుట నూటికి 58నుండి 2018-19 నాటికి 77కు పెరిగెను. ఇంగ్లండున 2020 మే నెలలో అట్టి చట్టమే వచ్చెను. కాని బ్రిటనంతటికిని చూడగా 2019-20లో 68గా నున్న సమ్మతి 2022-23 నాటికి తగ్గెను. నడుమ వచ్చిన కోవిడు మహమ్మారి ప్రభావము నిందు కొంత యుండవచ్చును. కాని యొక్క సంగతి మాత్రము స్పష్టము. పోయినవారు తమ కోరికను ముందే నమోదుచేసియున్నచోట పదింట తొమ్మిది కుటుంబములు సరేయన్నవి. పోయినవారి మనస్సు తెలియక, మౌనమును జూపి "చట్టప్రకార మంగీకారమే"యన్నచోట అంతమంది యొప్పుకొనలేదు. చట్టము మౌనమున కర్థము చెప్పగలదు గాని, "మా యాయన యేమి కోరియుండెనో" యని తల్లడిల్లు భార్యకు జవాబు చెప్పజాలదు.

ఇప్పుడు మన స్త్రీల మాటకు వత్తము. బ్రతికియుండి యవయవ మిచ్చుచున్న బంధువు లెవరు? మన దేశమున అయిదుగురిలో నలుగురు స్త్రీలు; ముఖ్యముగా భార్యలును తల్లులును. పుచ్చుకొనువారో! 1995 మొదలు 2021 వఱకు జరిగిన 36,640 మార్పిడులలో అవయవము పొందిన స్త్రీలు 6,945 మంది. తక్కినవా రందఱును పురుషులు. బిడ్డకొఱకు తల్లి యిచ్చుట, భర్తకొఱకు భార్య యిచ్చుట ప్రేమయే. ఆ ప్రేమను మేము చిన్నబుచ్చము. కాని "ఇంట సంపాదించువాడు గదా, అతని కోతకు గురిచేయుదుమా?" యని అన్నదమ్ములను తప్పించి, కోడలివైపు అందఱును చూచినప్పుడు, ఆమె తలవంచి యూరకున్నచో, దాని నేమందుము? మౌనము నంగీకారముగా నెంచుట యెట్టిదో ఆమె నడిగిన తెలియును. మరణానంతరదానము పెరిగినకొలదిని బ్రతికియున్న స్త్రీలపై ఈ యొత్తిడి తగ్గును. అందుచేత ఈ దానము వృద్ధిపొందవలెనని మేము మనసార కోరుచున్నాము.

కోరుచునే, మౌనము నంగీకారముగా నెంచు చట్టము మన దేశమునకు తగదని మా యభిప్రాయము. "వల"దనుకొన్నవారు కచ్చేరీకి పోయి వ్రాయించుకొనవచ్చును గదా యందురు. ఆ చట్టమొకటి యున్నదని పల్లెలోని యక్షరము రాని ముసలమ్మకు చెప్పు వారెవరు? ఆమెను కచ్చేరీకి తీసికొనిపోవు వారెవరు? చదువుకొన్నవారు తమ యిష్టము వ్రాసికొందురు. చదువురానివారి మౌనము మాత్రమే సమ్మతి యగును. అదియునుగాక, పేదల మూత్రపిండములను దళారులు బేరమాడి కొన్న పాపము మన దేశమున జరిగియున్నది. 1994 చట్టము పుట్టుటకు అదియు నొక కారణము. 2011 సవరణవలన అట్టి వ్యాపారమునకు అయిదునుండి పదేండ్ల ఖైదును, ఇరువదిలక్షలకు తక్కువకాని జుల్మానాయు విధించిరి. ఆ భయ మింకను జనుల మనస్సులలో నున్నది. ఇట్టిచోట "అడుగకయే తీసికొందు"రను మాట పుట్టినచో, బ్రెజిలులోవలె, ఇయ్యదలచినవారును చేయి ముడుచుకొందురు.

దానమునకు మన పెద్దలు చెప్పిన యర్థమును తలచుకొందము. వృత్రాసురుని సంహారమునకై దేవతలకు దధీచిమహర్షి యెముకలు కావలసివచ్చెను. ముల్లోకములకు నవసరమైన పని; అయినను వారు మునియొద్దకు బోయి చేతులు జోడించి యడిగిరి. ఆయన సంతోషముతో నిచ్చెను. అడుగకయే తీసికొనియుండినచో దాని నెవ్వరును దధీచి త్యాగమని చెప్పుకొనియుండరు. నీరు ధారపోయు చేయి యొకటి యుండవలెను. అప్పుడే అది దానము.

అడుగుట యెంత ఫలించునో మన యింటనే చూడవచ్చును. 2008లో తమిళనాడున బండిప్రమాదములో పదునైదేండ్ల కుమారుని గోల్పోయిన వైద్యదంపతులు అతని యవయవముల నిచ్చివేసిరి. ఆ వార్త విని యెన్నియో కుటుంబములు ముందునకు వచ్చినవి. తెలుగునాట జీవన్‌దాన్ అను ప్రభుత్వపథకము 2013నుండి పనిచేయుచున్నది. తెలంగాణమున 2024లో 188 మంది మృతదాతలు లభించిరి. పదిలక్షల జనమునకు దాదాపు అయిదుగురు. అదే యేట దేశమంతటికిని సగటు ఒకరికైనను చేరలేదు. చట్టము మౌనమును మాటగా మార్చినందున గాదు, ఐ.సి.యు. బయట ఎవరో ఓర్పుతో అడిగినందునను, ఎవరో కన్నీళ్లతో సరేయన్నందునను ఇది జరిగినది. 2011 సవరణ ప్రకారము, ఇట్టి యవకాశ మున్నదని ఇంటివారికి తెలుపుట ఆసుపత్రివారి విధి. ఆ విధిని ప్రతి యాసుపత్రియు నెఱవేర్చునట్లు చూచుటయు, అడుగువారికి మంచి శిక్షణ నిచ్చుటయు ప్రభుత్వము చేయవలసిన పని.

మనము చేయవలసినది వేఱొకటి కలదు. మన యింటిలో ఈ మాట ఎన్నడైనను వచ్చినదా? "నాకేమైన నైనచో" అని మొదలిడగానే అత్తగారు "అశుభము పలుకకుమమ్మా, తథాస్తు దేవతలుందు"రని నోరు మూయింతురు. జీవితభీమా కట్టునాడు మాత్రము ఆ దేవతలు మనకు జ్ఞప్తికి రారు! పిల్లల మేలుకొఱకు భీమా కట్టుట అశుభముగానిచో, ఒకరి ప్రాణముకొఱకు ఒక మాట చెప్పియుంచుట అశుభ మెట్లగును? కన్ను లిచ్చినవారు మఱుజన్మమున గ్రుడ్డివా రగుదురను భయ మొకటి పల్లెలలో కలదు. శ్రీకాళహస్తిలో స్వామికి కన్ను లిచ్చిన తిన్నడు కన్నప్పయై మోక్షము పొందెనని చెప్పుకొను మనకు ఈ భయ మేల? దేహమును వికృతము చేయుదురను భయమును అక్కఱలేదు. శస్త్రచికిత్సలోవలెనే కోసి, మరల కుట్టి, గౌరవముతో నప్పగింతురు. కర్మకాండ యథావిధిగా జరుపుకొనవచ్చును. అవయవములు తీయుట కగు ఖర్చును దాత కుటుంబముపై మోపరాదని నిబంధన కలదు.

కావున సోదరీమణులారా! రాత్రి భోజనములైన పిమ్మట అందఱును కూర్చున్న వేళ మీరే యీ మాట నెత్తుడు. "నేను పోయినచో నాకు పనికిరాని దేదియు కాల్చివేయవలదు, ఇంకొకరి కిండు" అని మీ మనస్సుననున్నచో, ఆ మాటయే చెప్పుడు. ఇష్టము లేనిచో అదియు చెప్పుడు. దానిని నిందించు హక్కు ఎవ్వరికిని లేదు. తరువాత భర్త నడుగుడు, పెద్దల నడుగుడు, ఎదిగిన పిల్లల నడుగుడు. ప్రతిజ్ఞాపత్రము వ్రాసినచో మంచిదే. దానికంటె ముందు ఇంటివారి చెవిని వేయుట ముఖ్యము. ఆసుపత్రి వరండాలో పెద్దమనుష్యులు గుమిగూడి నిర్ణయము చేయునప్పుడు, చట్టము దగ్గఱిబంధువులని పేర్కొన్నవారిలో భార్యయు, తల్లియు, కూతురును కలరని మఱవకుడు. అప్పుడు "మీ యిష్ట"మని కొంగు నోటికడ్డము పెట్టుకొని ప్రక్కకు తొలగవలదు. పోయినవారు మీతో చెప్పిన మాటను మీరే చెప్పవలెను.

1967 డిసెంబరు 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో క్రిస్టియన్ బర్నార్డ్ అను వైద్యుడు ప్రపంచమున మొట్టమొదటిసారిగా ఒక మనుష్యుని గుండెను మఱియొకనికి అమర్చెను. ఆ గుండె, ముందునాడు రోడ్డు దాటుచు కారు ఢీకొని పడిపోయిన యిరువదియైదేండ్ల పడుచుది. అదే ప్రమాదములో భార్యను సైతము గోల్పోయిన యామె తండ్రిని వైద్యు లడిగిరి. ఆయన కొద్ది నిమిషములు తనలో తాను కూతును తలచుకొని, ఆమె స్వభావమెట్టిదో యెఱిగినవాడు గాన, సరేయనెను. ఆ తండ్రికి జవాబు దొరకినది కూతురితో గడపిన దినములలో. మనవారికిని మన జవాబు మన నోటనే దొరకునట్లు చూతము.